సీసీఆర్ఎన్ పరీక్ష: డ్యూటీ చేస్తూ చదివేవాళ్ల అపోహలు, అసలు సంగతులు

అమెరికా ఐసీయూల్లో చేరిన తెలుగు నర్సులు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ గట్టెక్కి, యూనిట్‌లో కాస్త కుదురుకున్నాక తర్వాతి మెట్టుగా ఎక్కువగా చూసేది సీసీఆర్ఎన్‌నే. క్రిటికల్ కేర్ నర్సుల సంఘం ఏఏసీఎన్ ఇచ్చే సర్టిఫికేషన్ ఇది. లైసెన్సు కాదు, ఎవరూ తప్పనిసరిగా రాయాల్సిన పని లేదు. పిల్లలకూ నవజాత శిశువులకూ వేరే పరీక్షలున్నాయి. ఇక్కడ చెబుతున్నదంతా పెద్దల ఐసీయూ పరీక్ష గురించే.

అపోహ: రెండేళ్ల అనుభవం నిండితే గానీ అప్లై చేయకూడదు.

లెక్క ఏళ్లలో కాదు, గంటల్లో. గడిచిన రెండేళ్లలో తీవ్ర అనారోగ్యంతో ఉన్న పేషెంట్లను నేరుగా చూసుకున్న గంటలు 1750 ఉండాలి. అందులో 875 అప్లికేషన్‌కు ముందు ఏడాదిలోవి కావాలి. వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులంటే 36 గంటలు, అంటే 1750 నిండడానికి 49 వారాలు చాలు. సెలవులు కలుపుకున్నా ఏడాది దాటిన కొద్ది రోజులకే అర్హత వచ్చేస్తుంది. మధ్యలో ప్రసూతి సెలవో, పార్ట్‌టైమో పడినవాళ్లకు ఇంకో దారి ఉంది: అయిదేళ్లలో 2000 గంటలు, అందులో చివరి ఏడాదివి 144.

"హైదరాబాద్‌లో చేసిన ఐసీయూ గంటలు పనికిరావు" అనేది కూడా సగమే నిజం. ఆ ఆస్పత్రికి అంతర్జాతీయ నాణ్యతకు ఇచ్చే జేసీఐ గుర్తింపు గానీ, నర్సింగ్ ప్రమాణాలకు ఇచ్చే మాగ్నెట్ హోదా గానీ ఉంటే ఆ గంటలు లెక్కలోకి వస్తాయి. అమెరికా ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు మాత్రం ఉండి తీరాలి. అప్లికేషన్‌లో మీ గంటలను ధ్రువీకరించగల తోటి ఉద్యోగి వివరాలు ఇవ్వాలి. ఆడిట్‌కు పేరు వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి డ్యూటీ షెడ్యూళ్లు, పే స్లిప్పులు పారేయకండి.

అపోహ: ఎన్‌క్లెక్స్ రాసినవాళ్లకు ఇది కొత్త కాదు.

అలవాటైన చేతికి ఇక్కడే దెబ్బ తగులుతుంది. ఎన్‌క్లెక్స్‌లో కంప్యూటర్ మీ జవాబును బట్టి తర్వాతి ప్రశ్న ఇస్తుంది, వెనక్కి వెళ్లనివ్వదు, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. సీసీఆర్ఎన్‌లో అందరికీ 150 ప్రశ్నలు, 3 గంటలు. గుర్తు పెట్టుకుని వెనక్కి వచ్చి మార్చుకోవచ్చు. నాలుగు జవాబుల్లో ఒక్కటే సరైనది, వర్తించేవన్నీ ఎంచే రకం ఉండదు. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీగా వదలకూడదు. 150లో 25 ప్రశ్నలు భవిష్యత్తు పరీక్షల కోసం వేసినవి, వాటికి మార్కులుండవు. అవి ఏవో మాత్రం చెప్పరు. ఎప్పుడూ వినని జబ్బు మీద ప్రశ్న వస్తే గుండె జారనక్కర్లేదు, అది ఆ 25లోది కావచ్చు.

ఒక్కో ప్రశ్నకు సగటున 72 సెకన్లు. రెండోసారి చదివినా తేలని ప్రశ్నకు ఏదో ఒక జవాబు పెట్టి, గుర్తు వేసి, ముందుకు కదలాలి.

అపోహ: ఐసీయూలో ఇన్నేళ్లు చేశాక చదవాల్సిందేముంది?

డ్యూటీ నేర్పేది మీ యూనిట్‌కు వచ్చే జబ్బుల్నే. కార్డియాక్ ఐసీయూలో పదేళ్లు చేసినవారికి గుండెకు ఊతమిచ్చే బెలూన్ పంపు టైమింగ్ కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. కానీ ఒంట్లో నీటిని ఆపే హార్మోన్ తగ్గే లేదా పనిచేయని డయాబెటిస్ ఇన్సిపిడస్, అదే హార్మోన్ మితిమీరే ఎస్ఐఏడీహెచ్ పక్కపక్కన పెడితే సోడియం ఎటు పోతుందో తడబడతారు. మొదటిదాంట్లో పలుచని మూత్రం ధారగా పోయి రక్తంలో సోడియం పెరుగుతుంది. రెండోదాంట్లో నీరు లోపలే నిలిచి సోడియం పడిపోతుంది, మూత్రం చిక్కబడుతుంది. న్యూరో ఐసీయూ వాళ్లకు ఇది నోటి మీదుంటుంది, వాళ్లు వెంటిలేటర్ గ్రాఫుల దగ్గర తడబడతారు.

రెండో చిక్కు యూనిట్ అలవాట్లు. ముందే సిద్ధం చేసి ఉంచిన ఆర్డర్ సెట్‌లో ఉన్నది చేసుకుపోయేవారికి అది ఎందుకో గుర్తుండదు. టైడల్ వాల్యూమ్‌నే, అంటే వెంటిలేటర్ ఒక్కో శ్వాసకు ఇచ్చే గాలినే తీసుకోండి. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతినే ఏఆర్‌డీఎస్‌లో కిలోకు 6 మిల్లీలీటర్లు అని అందరికీ తెలుసు. ఏ కిలో? పేషెంటు అసలు బరువు కాదు, ఎత్తును బట్టి వచ్చే అంచనా బరువు. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మహిళకు అది 57 కిలోలు, అంటే 340 మిల్లీలీటర్లకు కాస్త అటూఇటూ. ఆమె నిజంగా 90 కిలోలుండి, ఆ బరువుతో లెక్కవేస్తే 540 అవుతుంది. ఊపిరితిత్తులు పెద్దవి కాలేదు, ఒళ్లే పెరిగింది. పరీక్షలో 540 కూడా ఒక జవాబుగా కూర్చుని ఉంటుంది.

అపోహ: హీమోడైనమిక్స్ (రక్తప్రసరణ ఒత్తిళ్ల లెక్కలు) పట్టిక బట్టీ పడితే గుండె భాగం అయిపోయినట్టే.

ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది బట్టీ పట్టినచోటే. "చేతులు చల్లగా, ఎస్‌వీఆర్ ఎక్కువ, కాబట్టి కార్డియోజెనిక్ షాక్" అనుకుంటారు. ఎస్‌వీఆర్ అంటే రక్తప్రవాహానికి నాళాలు పెట్టే అడ్డు, కార్డియోజెనిక్ షాక్ అంటే గుండె రక్తాన్ని నెట్టలేక వచ్చే షాక్. రక్తం పోయినవారికీ ఎస్‌వీఆర్ ఎక్కువే ఉంటుంది. రెంటినీ విడదీసేది ప్రీలోడ్, అంటే కొట్టుకునే ముందు గుండెలో నిండిన రక్తం. దాన్ని చూపే వెడ్జ్ ప్రెషర్ (గుండె ఎడమవైపు ఒత్తిడి) 24 ఉంటే గుండె నెట్టలేకపోతోంది, 4 ఉంటే నెట్టడానికి రక్తమే లేదు.

ఎస్‌వీఆర్ సూత్రాన్ని ఒకసారి చేత్తో వేసి చూడండి. సగటు బీపీలోంచి సీవీపీ (గుండెకు తిరిగొచ్చే పెద్ద సిరలోని ఒత్తిడి) తీసేసి, కార్డియాక్ అవుట్‌పుట్‌తో (నిమిషానికి గుండె నెట్టే రక్తం, లీటర్లలో) భాగించి, 80తో గుణించాలి. సగటు బీపీ 62, సీవీపీ 12, అవుట్‌పుట్ 2.5 అయితే ఎస్‌వీఆర్ 1600. ఇంకొకరికి బీపీ 55, సీవీపీ 3, అవుట్‌పుట్ 8 అయితే 520. బీపీ ఇద్దరికీ తక్కువే. మొదటివారికి రక్తనాళాలు బిగుసుకుపోయాయి, అక్కడ నాళాలను ఇంకా బిగించే నోరెపినెఫ్రిన్ ఒక్కటే పెంచుకుంటూ పోతే అలసిన గుండె మీద ఇంకా బరువు పెట్టినట్టే. రెండోవారికి నాళాలు వదులైపోయాయి, ద్రవాలతో పాటు ఆ మందే కావాలి. ఇలా పది కేసులు కాగితం మీద వేస్తే పట్టిక దానంతటదే గుర్తుంటుంది.

కుడి జఠరిక ఇన్‌ఫార్క్షన్‌ను (గుండె కుడి కింది గదిని దెబ్బతీసే గుండెపోటు) మాత్రం విడిగా చదవాలి. సీవీపీ ఎక్కువ, వెడ్జ్ మామూలుగానో తక్కువగానో ఉంటుంది. సీవీపీ చూసి ఫ్యూరోసెమైడ్, ఛాతీనొప్పి చూసి నైట్రోగ్లిజరిన్ ఎంచుకుంటే రెండూ తప్పే. ఆ గుండె ప్రీలోడ్ మీదే ఆధారపడి ఉంది, ఆ రెండు మందులూ దాన్నే లాగేస్తాయి.

అపోహ: ఎథిక్స్ ప్రశ్నలు ఇంగితజ్ఞానంతో రాసేయొచ్చు.

మార్కుల్లో అయిదో వంతు ఇక్కడే ఉంది, అంటే మార్కులున్న 125 ప్రశ్నల్లో 25. చాలామంది చివరి రాత్రికి వదిలేసేదీ ఇదే. మన దగ్గర శిక్షణ పొందినవారికి ఇందులో ప్రత్యేకమైన ఉచ్చులున్నాయి. సీపీఆర్ జరుగుతుంటే బంధువులను బయటికి పంపడం మనకు అలవాటు. ఏఏసీఎన్ మాత్రం కుటుంబానికి అక్కడ ఉండే అవకాశం ఇవ్వాలంటుంది, పక్కన వివరించేవారు ఒకరుండాలి. అలాగే ఇంగ్లిష్ రాని తెలుగు పెద్దావిడకు సర్జన్ ఆపరేషన్ సమ్మతి గురించి చెబుతున్నాడు, పక్కనే కొడుకున్నాడు, మీకూ తెలుగు వచ్చు. జవాబు కొడుకూ కాదు, మీరూ కాదు. ఆస్పత్రి అర్హత ఇచ్చిన దుబాసీని పిలవాలి. "డాక్టరుకు చెప్పండి" అనే జవాబు కూడా ప్రతిసారీ సరైనది కాదు. చాలా ప్రశ్నల్లో ముందు పేషెంటునో కుటుంబాన్నో అడిగి తెలుసుకోమంటారు.

అపోహ: రోజూ రెండు గంటలు చదవకపోతే పాస్ కాలేరు.

పన్నెండు గంటల డ్యూటీ రోజున చదువు సాగదు. సాగుతుందని ప్లాన్ వేసుకుంటే రెండో వారానికే అది చిత్తుకాగితం అవుతుంది. వారంలో సెలవున్న రెండు రోజులు, రోజుకు 50 నిమిషాల చొప్పున మూడు కూర్చోవడాలు పెట్టుకుంటే 12 వారాల్లో 60 గంటలవుతాయి. పని చేస్తున్నవారికి అది సరిపోయే లెక్క. మొదటి మూడు వారాలు గుండె, రెండు ఊపిరితిత్తులు, రెండు ఎండోక్రైన్, రక్తం, జీర్ణకోశం, కిడ్నీ కలిపి. ఒకటి న్యూరో, ఒకటి సెప్సిస్ వంటి బహుళ అవయవ సమస్యలు, ఒకటి ఎథిక్స్. చివరి రెండు వారాలూ 150 ప్రశ్నల పూర్తి పరీక్షలు. మొదలుపెట్టే ముందు ఏఏసీఎన్ తాజా హ్యాండ్‌బుక్‌లో ఏ భాగానికి ఎంత శాతమో చూసుకుని వారాలు సర్దుకోండి. పాత సిలబస్ బ్లూప్రింట్‌తో అమ్మే పుస్తకాలు చాలానే తిరుగుతుంటాయి.

నైట్ డ్యూటీ దిగిన ఉదయం పుస్తకం తెరవొద్దు, నిద్రపోవాలి. ఆ మత్తులో చేసిన 40 ప్రశ్నల స్కోరు మీ తెలివిని చెప్పదు, అలసటనే చెబుతుంది.

వెయ్యి ప్రశ్నలు చేశామన్న లెక్క కన్నా తప్పుల నోట్‌బుక్ మేలు. ప్రతి తప్పు పక్కన కారణం రాయండి: విషయం తెలియదా, ప్రశ్న సరిగా చదవలేదా, సరైన జవాబు పెట్టి మార్చారా? మొదటి రకానికి పుస్తకం కావాలి. రెండో రకానికి "మొదట", "తప్ప" లాంటి మాటల దగ్గర ఆగే అలవాటు చాలు. మూడో రకం ఎక్కువగా ఉంటే, కొత్త కారణం కనిపిస్తే తప్ప జవాబు మార్చొద్దు.

అపోహ: ముందు ఫీజు కట్టేస్తే చదువు దానంతటదే సాగుతుంది.

అప్లికేషన్ ఆమోదించాక పరీక్ష రాయడానికి 90 రోజులే ఉంటాయి. అందుకని నాలుగైదు వారాల చదువు అయ్యాక అప్లై చేయడం నయం. చివరి నైట్‌కూ పరీక్షకూ మధ్య కనీసం రెండు రాత్రుల నిద్ర ఉండేలా తేదీ ఎంచుకోండి. షెడ్యూల్ అడిగేటప్పుడే ఆ సెలవు రాయించుకోవాలి, తర్వాత షిఫ్ట్ మార్చుకునేవారు దొరకరు. ఫీజు తిరిగి ఇచ్చే ఆస్పత్రులున్నాయి, జీతం పెంచేవీ ఉన్నాయి, రెండూ చేయనివీ ఉన్నాయి. కట్టకముందే మేనేజర్‌ను అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

అపోహ: ఒకసారి పాసైతే జీవితాంతం ఉంటుంది.

మూడేళ్లే. మళ్లీ పరీక్ష రాయకుండా పొడిగించుకోవాలంటే ఆ మూడేళ్లలో 432 గంటల డ్యూటీ, చివరి ఏడాది అందులో 144, పైగా 100 సీఈఆర్‌పీ (నిరంతర విద్య) పాయింట్లు కావాలి. కనీసం 60 పాయింట్లు 'ఎ' (A) కేటగిరీలో, అంటే క్లినికల్ విషయాల్లో ఉండాలి. ఆఖరి నెలలో ఏ కోర్సు దొరికితే అది చేసేవారికి మొత్తం వంద దాటినా ఈ 60 దగ్గర ఆగిపోతుంది. పాసైన రోజే ఒక ఫోల్డర్ తెరిచి, ప్రతి సర్టిఫికెట్‌నూ కేటగిరీ పేరుతో అందులో వేసుకోండి.