నడుము నొప్పి, సూదులు, డాక్టరు తటపటాయింపు

పర్లాకిమిడిలో ఉభాలు (వరినాట్లు) ముగిసేసరికి ఫ్యామిలీ డాక్టర్ల దగ్గర నడుము పట్టుకుని కూర్చునేవాళ్ళు ఎక్కువవుతారు. మహేంద్రతనయ నది దాటి పాతపట్నం వైపు నుంచి కూడా వస్తారు. కిందటి వానాకాలంలో మా పెద్దమ్మను తీసుకెళ్ళినప్పుడు ఆమె మందుచీటీని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడివేసుకుంటూ, "సూదులు గుచ్చి నొప్పి తీస్తారట గదా, చేయించుకోనా బాబూ?" అని అడిగింది. డాక్టరుగారు ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఎన్నాళ్ళుగా నొప్పి బిళ్ళలు మింగుతున్నదో ముందు అడిగారు.

ఆయన తటపటాయించడంలో తప్పేమీ లేదు, ఎందుకంటే మార్గదర్శకాలే ఒక మాట మీద నిలబడలేదు. బ్రిటన్‌లో వాటిని రూపొందించే నైస్ సంస్థ నడుము నొప్పికి 12 వారాల్లో 10 సార్లకు మించకుండా ఆక్యుపంక్చర్, అంటే ఈ సూదుల చికిత్స, చేయవచ్చునని 2009లో చెప్పి, 2016లో చేయవద్దన్నది. మళ్ళీ 2021లో, మరో జబ్బుకు లక్షణంగా గాక నొప్పే జబ్బుగా మిగిలిపోయినవారికి ఒక విడత చేయించే సంగతి ఆలోచించవచ్చునన్నది. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం, నడుము నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగినవాటిలో దీన్ని చేర్చింది.

ఇంత తేడా ఎందుకో జర్మనీలో 1,162 మందిపై జరిగి 2007లో వెలువడిన ఒక పరీక్ష చూస్తే అర్థమవుతుంది. ఆరు నెలల తర్వాత, ఆక్యుపంక్చర్ సంప్రదాయం ఒంటి మీద గుర్తించిన బిందువుల్లో సూదులు గుచ్చినవారిలో 47.6 శాతం మందికి చెప్పుకోదగ్గ ఉపశమనం దొరికింది. బిందువులు కానిచోట పైపైన గుచ్చినవారిలో 44.2 శాతానికి, మందులు, వ్యాయామం వంటి మామూలు చికిత్స తీసుకున్నవారిలో 27.4 శాతానికి దొరికింది. మార్గదర్శకం రాసేవారు మొదటి రెండు అంకెలను పోల్చి, బిందువుల సిద్ధాంతానికి బలం లేదంటారు. రోగికి ఎదురుగా కూర్చున్న డాక్టరు చూపు మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఉన్న దూరం మీద పడుతుంది. ఇద్దరూ నిజాయితీగానే చూస్తున్నారని నా నమ్మకం. అయితే మూడో గుంపువారికి తమకు సూదులు పడటం లేదని తెలుసు. ఆశ, ఓపికగా చూసే మనిషి, కదలకుండా పడుకున్న ఆ కాసేపు కూడా నొప్పిని తగ్గిస్తాయి గనుక ఆ దూరమంతా సూది ఘనతేనని అనలేము.

మా ప్రాంతంలో ఈ లెక్కకు మరొకటి తోడవుతుంది. దగ్గరలోని ఉద్దానంలో కారణం ఇంకా తేలని మూత్రపిండాల జబ్బు ఎన్నో ఇళ్ళను కుంగదీసింది. డైక్లోఫినాక్ వంటి నొప్పి బిళ్ళలను రోజుల తరబడి మింగితే, అప్పటికే బలహీనపడిన మూత్రపిండాలు మరింత దెబ్బతినవచ్చు. అలాంటప్పుడు, శుభ్రమైన, ఒక్కసారే వాడే సూదులతో శిక్షణ పొందిన చేయి చేసే చికిత్సను డాక్టరు కొట్టిపారేయకపోవడం నాకు సబబుగానే తోస్తుంది. ఛాతీ మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి రంధ్రం పడే ప్రమాదం, అరుదే అయినా, ఉంది. కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా, జ్వరంతో పాటు నడుము నొప్పి వచ్చినా సూదుల ఊసెత్తకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

పెద్దమ్మకు అవేవీ లేవని డాక్టరుగారు కాళ్ళు ఎత్తించి, మడమల మీద నడిపించి చూశారు. బిళ్ళలు ఆపించి, మూత్రపిండాల పనితీరు తెలుసుకునేందుకు రక్తంలో క్రియాటినిన్ పరీక్షకు రాసిచ్చి, "సూదులకు అడ్డు చెప్పనమ్మా, ముందు ఈ రిపోర్టు పట్టుకురా" అన్నారు. ఆమె కొంగు ముడి విప్పి, పాత చీటీ పక్కన కొత్తదీ పెట్టుకుంది.