గుదిబండ విప్పే ఆర్‌ఎన్‌ఏ

1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో మైక్రోఆర్‌ఎన్‌ఏ పనితీరును బయటపెట్టినప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ పురుగుకే పరిమితమైన వింత అనుకున్నారు. 2000లో అలాంటిదే మరొకటి మనుషుల్లోనూ కనిపించింది. నోబెల్ మాత్రం 2024 దాకా రాలేదు.

సుమారు 22 రసాయన అక్షరాల ఈ బుల్లి ఆర్‌ఎన్‌ఏ ముక్క చేసేది ఒకటే పని. జన్యువు పంపే సందేశ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని ప్రొటీన్ తయారీని అణచివేయడం. ఏడెనిమిది అక్షరాలు జత కుదిరితే చాలు కాబట్టి ఒక్కొక్కటీ వందల సందేశాల మీద పెత్తనం చేయగలదు.

కొన్ని మైక్రోఆర్‌ఎన్‌ఏలు క్యాన్సర్ కణితి పెరగడానికి తోడ్పడతాయి. అణచివేయడమే పని అయితే అదెలా? జీర్ణాశయ క్యాన్సర్‌లో మిర్-21 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ సంగతి చూడండి. కణం అదుపు తప్పి పెరగకుండా పీటెన్ అనే ప్రొటీన్ గుదిబండలా పట్టి ఉంచుతుంది. మిర్-21 అణచివేసేది సరిగ్గా దాన్నే. గుదిబండ పోయాక కణానికి పగ్గాల్లేవు. ఇంకో ఆసక్తికరమైన విషయం, హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా సోకిన జీర్ణాశయపు పొరలో, క్యాన్సర్ లేకపోయినా, మిర్-21 ఎక్కువగా కనిపించింది.

క్యాన్సర్ ఒంట్లో వ్యాపించే కథ వేరు. జీర్ణాశయపు లోపలి పొర కణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే జిగురు ఈ-క్యాధరిన్. దాని తయారీని ఆపేసేవి జెబ్1, జెబ్2 ప్రొటీన్లు. ఈ రెండింటినీ మిర్-200 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏల కుటుంబం తొక్కిపెడుతుంది. మిర్-200 తగ్గితే జెబ్‌లు లేస్తాయి, జిగురు ఊడుతుంది, కణం ఆకారం మార్చుకుని పొర దాటి కదులుతుంది. పైగా జెబ్‌లు తిరిగి మిర్-200నే అణచివేస్తాయి. ఒకసారి తక్కెడ అటు మొగ్గితే వెనక్కి రావడం కష్టం.

అలాగని మిర్-200ను మంచిదని ముద్ర వేయలేం. ఎలుకల మీద చేసిన రొమ్ము క్యాన్సర్ ప్రయోగాల్లో, దూరపు అవయవాలకు చేరిన క్యాన్సర్ కణాలు అక్కడ మళ్లీ గుంపుకట్టి స్థిరపడటానికి ఇదే తోడ్పడింది. మైక్రోఆర్‌ఎన్‌ఏలను మంచివి, చెడ్డవి అని విడదీసే వార్తలను నేను అనుమానంగా చదివేది అందుకే.

మందుగా మార్చే ప్రయత్నం కూడా నల్లేరు మీద నడక కాలేదు. మిర్-34 అనే మరో మైక్రోఆర్‌ఎన్‌ఏను అనుకరించే ఒక ఔషధాన్ని రకరకాల క్యాన్సర్ రోగులపై పరీక్షిస్తుండగా, రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా ఎదురుతిరగడంతో 2016లో ఆపేశారు. రోగనిర్ధారణ కాస్త నయం. మైక్రోఆర్‌ఎన్‌ఏలు రక్తంలో ప్రొటీన్ల, కొవ్వుపొరల చాటున ఉండి త్వరగా చెడిపోవు. సింగపూర్‌లో ఇప్పటికే 12 మైక్రోఆర్‌ఎన్‌ఏల మోతాదును రక్తంలో కొలిచి, జీర్ణాశయ క్యాన్సర్ అనుమానంతో ఎవరికి ఎండోస్కోపీ (గొట్టపు కెమెరాతో లోపల చూడటం) అవసరమో అంచనా వేసే పరీక్ష ఉంది.