షిప్పులు కొంటే నేవీ అయిపోతుందా? టీ కొట్టు దగ్గర వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

నేవీలో ఇంజిన్ రూమ్‌తో మొదలుపెట్టి, చివరి కొన్నేళ్ళు ఏ షిప్పుకి ఎంతమంది కావాల, ఎవర్ని ఎప్పుడు ట్రైనింగ్‌కి పంపాల అనే లెక్కలు చూసి, రిటైరయ్యి తిరుపతికి వచ్చేసినా. పొద్దున్నే లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగతా ఉంటే ఎవరో ఒకరు "అన్నా, చైనాకి అన్ని షిప్పులుండాయంట, మనకెందుకు లేవు" అని తగులుకుంటారు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తా ఉండా.

అపోహ: ఎన్ని షిప్పులుంటే అంత బలం

2035కి 175 షిప్పులు అని మన నేవీ పెట్టుకున్న లక్ష్యం, పేపర్లో ఆ నంబరే హెడ్డింగ్. కానీ అలిపిరి డిపోలో ఉన్న బస్సులన్నీ ఒకేసారి కొండెక్కవు కదా, కొన్ని షెడ్డులో చక్రాలు ఊడదీసి ఉంటాయి. ఇక్కడా అంతే, మోటు లెక్కన మూడు షిప్పుల్లో ఒకటి సముద్రంలో, ఒకటి రీఫిట్‌లో (అంటే యార్డులో పెద్ద రిపేరు), ఇంకోటి రీఫిట్ నుంచి బయటికొచ్చి మళ్ళీ ప్రాక్టీసు చేస్తా ఉంటుంది. పైగా ముసలివి దిగిపోతా ఉంటాయి. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ 1980లో చేరింది, 2021 మేలో వైజాగ్‌లో సెలవు తీసుకుంది. అంటే కొత్తగా వచ్చేదాంట్లో కొంత పాతవాటి ఖాళీ పూడ్చడానికే సరిపోతుంది.

అపోహ: నీళ్ళలోకి దించారంటే రెడీ అయినట్టే

టీవీలో కొబ్బరికాయ కొట్టి దించేది చూసి అందరూ అనుకునేది ఇదే. ఐఎన్ఎస్ నీలగిరి అనే యుద్ధనౌకకి 2017 డిసెంబర్లో కీల్ (అడుగున వెన్నెముక లాంటిది) వేసినారు, 2019 సెప్టెంబర్లో నీళ్ళలోకి దిగింది, నేవీలో చేరింది మాత్రం 2025 జనవరి 15న! పైకి కనిపించే ఇనుప గుల్ల రెండేళ్ళలోపే, లోపలి పని అయిదేళ్ళకి పైనే. కేబుళ్ళు, పైపులు, రాడార్లు, ఆయుధాలు, ఒక్కోటి పెట్టడం, టెస్ట్ చేయడం, తేడా వస్తే విప్పడం. ఒకసారి కొత్త షిప్పు ట్రయల్స్‌లో, పేరొద్దులే, రాత్రి రెండింటికి ఒక బేరింగ్ వేడెక్కతా పోయింది, ఇంజిన్ ఆపి ఆయిల్ వడకట్టే స్ట్రైనర్ విప్పితే లోపల పిడికెడు కాటన్ వేస్ట్. ఎవరో తుడిచి మరిచిపోయినారు. దానికోసం ఆయిల్ లైన్ మొత్తం మళ్ళీ ఫ్లష్ చేసినాం, వారం పోయింది.

అపోహ: మనకి జనానికేం కరువు

ఇదే నా పని కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా. ప్లెయిన్ రోడ్డు మీద ఇరవై ఏళ్ళు బస్సు తోలినోడికైనా ఘాట్‌కి వేరే ట్రైనింగ్ ఇవ్వకుండా స్టీరింగ్ ఇవ్వరు. అట్లాగే షిప్పుని నడిపే గ్యాస్ టర్బైన్ ఇంజిన్ చూసేవాడు డీజిల్ సబ్‌మెరైన్‌కి పనికిరాడు, నీళ్ళ కింద శబ్దంతో వెతికే సోనార్ వాడు రాడార్ ముందు కూర్చోలేడు. విమానాలు మోసే షిప్పు విక్రాంత్ ఒక్కదానికే సుమారు 1600 మంది కావాల. షిప్పు వచ్చినాక వెతుక్కుంటే కుదరదు, కట్టేటప్పుడే మొదటి బ్యాచ్ యార్డుకి పోయి ఏ వాల్వు ఎక్కడుందో నేర్చుకుంటుంది. ఇంక ఒక సీటుకి ఒక మనిషి అని లెక్కేస్తే మునిగినట్టే, లీవులు, కోర్సులు, జబ్బులు, ఒడ్డు మీద డ్యూటీలు అన్నీ కలపాల. 2022లో అగ్నిపథ్ వచ్చినాక లెక్క ఇంకా కష్టమైంది, చేరినవాళ్ళలో నాలుగేళ్ళ సర్వీసు తర్వాత 25 శాతం మంది దాకానే ఉంచుకుంటారు, మెషిన్ చేతికి అలవాటయ్యే టైముకి మిగతావాళ్ళు ఇంటికి. పథకం మంచిదా చెడ్డదా అని నన్ను అడగొద్దు, ట్రైనింగ్ సీట్లు మాత్రం పెంచాల్సిందే.

అపోహ: ఆటోమేషన్ వచ్చింది, మనుషులక్కర్లేదు

తగ్గుతారు, నిజమే. కానీ షిప్పులో మంట అంటుకుంటే హోస్ పట్టుకునేది చేతులే, కంప్యూటర్ కాదు.

అపోహ: ఆర్డర్ ఇస్తే యార్డు కట్టేస్తుంది

చిత్తూరోళ్ళకి దీన్ని చెప్పడం సులభం. తోతాపురి సీజన్లో పల్ప్ ఫ్యాక్టరీలు రాత్రింబవళ్ళు నడుస్తాయి, సీజన్ అయిపోతే గేటు మూత, కూలీలు వేరే పనికి. మళ్ళా ఏడాది వస్తారు, ఏం కాదు. సబ్‌మెరైన్ హల్ (బయటి ఒళ్ళు) వెల్డింగ్ చేసేవాడు అట్లా తిరిగిరాడు. ముంబై మజగావ్ డాక్‌లో కట్టిన శంకుల్ అనే సబ్‌మెరైన్ 1994లో నేవీలో చేరింది, తర్వాత స్కార్పీన్ అనే ఫ్రెంచ్ డిజైన్ సబ్‌మెరైన్ల కాంట్రాక్ట్ 2005లో. మధ్యలో పదకొండేళ్ళు! చేయి తిరిగినవాళ్ళు రిటైరయ్యో, వేరే కంపెనీలకి పోయో చెదిరిపోతే, కొత్తవాళ్ళకి మళ్ళీ మొదటినుంచి నేర్పినారు, వాటిలో మొదటిది కల్వరి 2017 డిసెంబర్లో గానీ చేరలేదు. కాబట్టి పదేళ్ళకోసారి పది షిప్పులు ఒక్కసారే అడగడం కంటే ఏడాదికొకటి వరసగా అడగడమే మేలు అంటా నేను. యార్డు బతుకుతుంది, సిబ్బందిని కూడా నిదానంగా తయారుచేసుకోవచ్చు.

అపోహ: స్వదేశీ అంటే బోల్టుతో సహా మనదే

స్టీలు మనదే, హైదరాబాద్‌లో ఉండే రక్షణ లోహాల ల్యాబ్ డీఎంఆర్ఎల్ వాళ్ళు తయారుచేసిన డీఎంఆర్ రకం. డిజైన్ కూడా మన నేవీదే. గ్యాస్ టర్బైన్ దగ్గరే ఆగిపోతాం, విశాఖపట్నం క్లాసు డిస్ట్రాయర్లకి ఉక్రెయిన్‌వి, నీలగిరికి అమెరికా కంపెనీ జీఈ డిజైన్. అక్కడ యుద్ధమొస్తే ఇక్కడ స్పేర్ పార్ట్‌కి ఎదురుచూపులు.

ఇంక మొన్న ఒకాయన "మన తిరుపతికి షిప్పులకీ ఏం సంబంధం సామీ" అన్నాడు. 2022లో జిల్లాలు మారినాక వాకాడు, దుగరాజపట్నం మన జిల్లాలోనే ఉండాయి కదా, 2014 విభజన చట్టంలో మేజర్ పోర్టు రాసింది ఆ ఊరికే. అక్కడ ఎప్పుడైనా షిప్పులు కట్టే యార్డు అంటే, ఎన్ని ఎకరాలిచ్చినారని కాదు, మొదటి పదేళ్ళకి ఆర్డర్లు ఎవరిస్తారు, వెల్డర్లకి ఎక్కడ నేర్పుతారు అని అడగండి.