గర్భిణుల్లో అధిక రక్తపోటు: మూడో నెలలోనే అడగవలసిన ప్రశ్న

హైదరాబాద్‌లో గర్భిణులకు వైద్యం చేస్తున్న నన్ను బీపీ గురించి అడిగేవారిలో ఎక్కువమంది ఏడో నెల దాటాకే అడుగుతారు. పాతతరం గుర్రపువాతం అని పిలిచిన మూర్ఛలకు దారితీసే ప్రీఎక్లాంప్సియా (గర్భిణుల్లో బీపీ పెరిగి అవయవాలను దెబ్బతీసే జబ్బు) గురించి మాట్లాడుకోవలసింది అంతకు చాలా ముందు.

అపోహ: మూడో నెలలో బీపీ 110/70 ఉంటే ఇక భయం లేదు.

వాస్తవం: ఈ జబ్బు సాధారణంగా 20 వారాల తరువాత, బీపీ 140/90 లేదా అంతకు మించినప్పుడు బయటపడుతుంది. అయితే నెలలు నిండకముందే వచ్చే తీవ్రమైన రకానికి బీజం, మాయ నాటుకునే తొలి వారాల్లో గర్భాశయ రక్తనాళాలు చాలినంత వెడల్పు కాకపోవడంలోనే ఉంటుంది. అందుకే 11 నుంచి 14 వారాల మధ్య ఎన్‌టీ స్కాన్‌కు (బిడ్డ మెడ వెనుక నీటి పొర మందం కొలిచే స్కాన్) వచ్చినప్పుడే ఆ రక్తనాళాల్లో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ పరీక్ష చేసి, రెండు చేతులకూ బీపీ చూసి, రక్తంలో పీఎల్‌జీఎఫ్ అనే, మాయ నుంచి వచ్చే ప్రోటీన్‌ను కొలిచి, వాటికి వయసు, బరువు, మధుమేహం, తొలి కాన్పా కాదా, గత కాన్పులో బీపీ వచ్చిందా వంటి వివరాలు కలిపి ముప్పు అంచనా వేస్తాం. 37 వారాల లోపు వచ్చే జబ్బును ఈ పద్ధతి చాలావరకు పసిగడుతుంది. నెలలు నిండాక వచ్చేదాన్ని అంత బాగా పట్టలేదు. కాబట్టి రిపోర్టు బాగున్నా ప్రతి చెకప్‌లోనూ బీపీ చూపించుకోవాలి.

అపోహ: ముప్పు ఎక్కువని రిపోర్టు వస్తే జబ్బు వచ్చినట్టే.

వాస్తవం: 100 మందిలో ఒకరికి మించి వచ్చే అవకాశం ఉంటేనే మేం దాన్ని ఎక్కువ ముప్పుగా లెక్కిస్తాం, అలాంటివారిలోనూ అత్యధికులకు జబ్బు రాదు. 2017లో వెలువడిన ఆస్ప్రే అధ్యయనంలో, ఎక్కువ ముప్పు ఉన్న స్త్రీలకు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్ ఇచ్చినప్పుడు, 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. దీన్ని డాక్టరు సలహాతో 16 వారాల లోపే మొదలుపెట్టాలి. ఐదో నెలలో బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్‌కే తొలిసారి వచ్చేవారి విషయంలో ఆ అదను దాటిపోయి ఉంటుంది, అదే నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. కడుపుతో ఉన్న పిల్లకు ఆస్ప్రిన్ ఏమిటని ఇంట్లో పెద్దలు భయపడి మాన్పించడమూ చూశాను. ఆ భయం ప్రేమతో పుట్టిందే, కానీ మానేముందు ఒక్క మాట మమ్మల్ని అడగండి.

అపోహ: కాళ్ల వాపే దీనికి గుర్తు, ఉప్పు మానేస్తే రాదు.

వాస్తవం: రెండూ నిజం కావు. మామూలు గర్భిణుల్లోనూ కాళ్లు వాస్తాయి. చప్పిడి తిండి ఈ జబ్బును ఆపదు.

అపోహ: కాన్పు అయితే గండం గడిచినట్టే.

వాస్తవం: కాన్పు తరువాత ఆరు వారాల వరకు, అప్పటిదాకా బీపీ లేనివారిలో సైతం ఇది రావచ్చు. విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. సీమంతం అయ్యాక పుట్టింటికి బయలుదేరేవారి ఫైలు మొదటి పేజీలోనే ముప్పు స్థాయినీ, బీపీ అంకెలనూ, ఆస్ప్రిన్ ఆపవలసిన 36వ వారం తేదీనీ రాసి ఇస్తున్నాను. అక్కడి డాక్టరుకు ముందుగా ఆ పేజీ చూపించండి.