మందుల చీటీ ఉన్నా కేసే

ఆస్ట్రేలియాలో 2016 నుంచి డాక్టరు రాసిస్తే గంజాయి మందు చట్టప్రకారమే దొరుకుతోంది. ఏళ్ల తరబడి నొప్పులతో వేగేవాళ్లు రాత్రి నాలుగు చుక్కలు వేసుకుని పడుకుంటారు. మర్నాడు సిడ్నీలో కారు తీస్తే పోలీసులు ఆపి నాలుక మీద పుల్లతో రాసి చూడొచ్చు. లాలాజలంలో టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తెక్కించే పదార్థం, కనబడిందా, ఇక కేసే. చీటీ చూపించినా లాభం లేదు. బండి సరిగ్గా నడిపాడా లేదా అని అక్కడ ఎవరూ అడగరు.

తాగినవాళ్లను పట్టే పద్ధతినే దీనికీ వాడటంతో వచ్చింది చిక్కంతా. ఆల్కహాల్ నీళ్లలో కలిసిపోతుంది. రక్తంలో ఎంత ఉందో తెలిస్తే మత్తు ఎంతో ఇంచుమించు చెప్పొచ్చు. అందుకే మన దేశంలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములని గీత గీయగలిగారు. టీహెచ్‌సీ అలా కాదు, కొవ్వులో కరుగుతుంది. పీల్చిన కాసేపటికే రక్తంలో బాగా పెరిగి, గబగబా పడిపోతుంది. మత్తు మాత్రం అప్పటికింకా దిగదు. రోజూ వాడేవాళ్లలో అయితే ఇది కొవ్వులోంచి కొంచెం కొంచెంగా ఊరుతూ, మత్తు పూర్తిగా వదిలాక కూడా రక్తంలో కనిపిస్తుంది. మింగితే లెక్క మళ్లీ వేరు, ఎక్కడానికే గంటో రెండు గంటలో పడుతుంది.

నెదర్లాండ్స్‌లో 26 మందితో చేసిన ఒక ప్రయోగం 2020లో వెలువడింది. మామూలు హైవే మీదే 100 కిలోమీటర్లు నడిపించి, కారు లేన్‌లో అటూ ఇటూ ఎంత ఊగుతోందో కొలిచారు. టీహెచ్‌సీ ఆవిరి పీల్చిన 40 నిమిషాలకు నడిపితే ఆ ఊగుడు రెండు సెంటీమీటర్ల పైచిలుకు పెరిగింది. ఇంతేనా అనిపిస్తుంది గానీ, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్లూ దాదాపు అంతే ఊగుతారు. నాలుగు గంటలయ్యాక చెప్పుకోదగ్గ తేడా లేదు. గంజాయిలోనే ఉండే, మత్తెక్కించని సీబీడీ మాత్రమే పీల్చినప్పుడు మొదట్నుంచీ లేదు. అయితే అక్కడిచ్చింది చిన్న మోతాదే. 80 పరిశోధనలను కలిపి చూసిన 2021 నాటి సమీక్ష ప్రకారం మోతాదును బట్టి, పీల్చారా మింగారా అన్నదాన్ని బట్టి ప్రభావం మూడు నుంచి పది గంటల దాకా ఉండొచ్చు.

కాబట్టి మందు వేసుకున్న పూట స్టీరింగ్ ముట్టకపోవడమే మంచిది, అందులో వాదన లేదు. నిన్న రాత్రి చుక్కలకు ఇవాళ మధ్యాహ్నం కేసు పెట్టడమే నాకు సబబుగా అనిపించదు. ఆస్ట్రేలియాలోనే టాస్మేనియా రాష్ట్రంలో చీటీ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, మత్తులో నడిపితే మాత్రం శిక్ష తప్పదు. విక్టోరియా రాష్ట్రంలో 2025 మార్చి నుంచి ఇలాంటి రోగుల లైసెన్స్ రద్దు చేయాలా వద్దా అన్నది మేజిస్ట్రేటు విచక్షణకు వదిలారు. నేరం మాత్రం అక్కడ ఇంకా నేరమే.