వైరస్‌ను పట్టేది మెంబ్రేన్ మీది జిగురే

శ్రీకాకుళం పట్టణం తాగేది నాగావళి ఇసుకలోని ఊటబావుల నీళ్లు. పట్టణపు మురుగు కాలువలు కలిసేదీ ఆ నాగావళిలోనే. అందుకే మురుగు శుద్ధి గురించి మాట్లాడేటప్పుడు వాసన, రంగు కంటే ముందు నేను అడిగేది వైరస్‌ల సంగతి.

కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు, వాంతులు విరేచనాలు పట్టించే నోరోవైరస్ రోగి మలంతో బయటికొస్తాయి. సైజు సుమారు 30 నానోమీటర్లు. 1955-56లో ఢిల్లీలో యమున మురుగు తాగునీటిలో కలిసి దాదాపు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. క్లోరిన్ కలుపుతూనే ఉన్నారు. టైఫాయిడ్ పెరగలేదు గానీ, హెపటైటిస్ ఇ మాత్రం దాటుకుని వచ్చేసింది.

మురుగును శుద్ధి చేసే ఎంబీఆర్ (మెంబ్రేన్ బయోరియాక్టర్) ప్లాంటులో గాలి ఊదే ట్యాంకులో బాక్టీరియా మురుగును తిని బురదగా పెరుగుతుంది. అందులో మెంబ్రేన్లు, అంటే సన్నని రంధ్రాలున్న వడపోత పొరలు ముంచి, పంపుతో నీటిని లాగుతారు. కొన్ని మెంబ్రేన్ల రంధ్రాలు 400 నానోమీటర్లు. రవ్వ జల్లెడలో మైదా నిలవనట్టు వైరస్ జారిపోవాలి కదా! చాలావరకు జారదు. వైరస్‌లు బురద ముద్దలకు అతుక్కుంటాయి, ముద్దలు రంధ్రాల్లో పట్టవు. వారాల తరబడి ట్యాంకులోనే ఉండే ఆ బురదలో ఎంజైములు, ప్రోటోజోవాలనే ఏకకణ జీవులు వైరస్‌ల పని పడతాయి. పైగా మెంబ్రేన్ మీద జిగురు పొర కడుతుంది. పంపుకు భారం పెంచే ఈ పొరంటే ఆపరేటర్లకు టెన్షన్. వైరస్‌కు గట్టి అడ్డు మాత్రం అదే.

హైపోక్లోరైట్ అనే క్లోరిన్ ద్రావణంతో ఈ జిగురు పొరను కడిగేశాక కొంతసేపు వైరస్‌లు ఎక్కువగా బయటపడతాయి. మామూలు రోజుల్లో 10,000కు ఒకటి దాటే ప్లాంటులోనూ ఇది జరుగుతుంది. లీటరు మురుగులో నోరోవైరస్‌లు లక్షల్లో ఉండొచ్చు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మెంబ్రేన్ తర్వాత యూవీ (అతినీలలోహిత కాంతి) గానీ క్లోరిన్ గానీ ఉండాల్సిందే. యూవీకి అంత తేలిగ్గా లొంగని అడినోవైరస్ సుమారు 90 నానోమీటర్లు ఉంటుంది కాబట్టి మెంబ్రేన్‌కే బాగా చిక్కుతుంది. ఒకటి వదిలినదాన్ని రెండోది పడుతుందన్నమాట.

మన దేశంలో 2017 నాటి నిబంధనలు శుద్ధి చేసిన నీటిలో మల కోలిఫాం లెక్క అడుగుతాయి, వైరస్‌ది అడగవు. కోలిఫాం బాక్టీరియా వైరస్ కంటే ఎన్నో రెట్లు పెద్దది, మెంబ్రేన్ దాన్ని సులువుగా ఆపేస్తుంది. రిపోర్టులో సున్నా చూసి నీళ్లు భద్రమనుకోకూడదు. నాగావళి ఒడ్డున ఇలాంటి ప్లాంటు కడితే, రోగం తెచ్చే వైరస్‌లకు గుర్తుగా, బాక్టీరియాకు సోకే కోలీఫేజ్ వైరస్‌ల పరీక్ష కూడా చేయించాలి. ఆ శాంపిల్ మెంబ్రేన్ కడిగిన రోజునే తీయాలి.