చార్మినార్ దగ్గర బేరం

చిరంజీవులు స్వాతికి, చిన్నాకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఆదివారం హాస్టల్ నుంచి చార్మినార్‌కి షాపింగ్‌కి వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వెళ్లండి. కానీ ఒక తేడా తెలుసుకుని వెళ్లండి. మూడొందల గాజుల సెట్టుకి ఎనిమిదొందలు చెప్పడం మోసం కాదు, బేరం. కొట్టాయన చెబుతాడు, మీరు సగానికి అడుగుతారు, ఎక్కడో ఒకచోట తెగుతుంది. తెగకపోతే నవ్వి వచ్చేయండి. సరుకు మార్చేయడం, తూకం కొట్టేయడం, డబ్బు దగ్గర మాయ చేయడం, ఇవీ మోసాలంటే.

ముత్యాల దండలు పట్టుకుని వెంటపడేవాళ్లు లైటర్ వెలిగించి ముత్యానికి మంట చూపిస్తారు. "చూడమ్మా, కాలలేదు, అసలైనది" అంటారు. కాలలేదంటే ప్లాస్టిక్ కాదని తేలింది, అంతే. పూత పూసిన గాజు పూస కూడా కాలదు. మీరు రెండు ముత్యాలు తీసుకుని ఒకదానితో ఒకటి మెల్లగా రుద్దండి. అసలువైతే సన్నటి ఇసుక తగిలినట్టు గరగరలాడతాయి, నకిలీవి నున్నగా జారిపోతాయి. రంధ్రం దగ్గర కూడా చూడండి. అక్కడ పూత పెచ్చులూడి ఉంటే ఇక బేరంతో పనిలేదు. అయినా గరగరలాడినంత మాత్రాన ఖరీదైనదని కాదు, చెరువుల్లో పెంచిన చవక ముత్యమూ అలాగే ఉంటుంది. ముత్యాలే కావాలంటే పత్తర్‌గట్టీలో బిల్లిచ్చే కొట్టుకి వెళ్లండి. బిల్లు లేని ముత్యాన్ని నేనైతే ముత్యం కింద లెక్కెయ్యను.

లాడ్ బజార్ లక్క గాజుల దగ్గర మాత్రం మరీ గీచి గీచి బేరమాడకండి. లక్కని వేడిచేసి మెత్తబరిచి, ఒక్కో రాయినీ చేత్తో అద్దుతారు. 2024లో వాటికి జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. రేటు తెగాక "లోపల కొత్త పీసు ఉంది, ప్యాక్ చేసిస్తా" అంటే ఒప్పుకోకండి. చేతిలో చూసిన సెట్టునే మీ ఎదురుగా కట్టించుకోండి.

పళ్ల బండి మీద అట్టముక్కకి పెద్దక్షరాలతో 60 అని ఉంటుంది. పక్కన చీమంత అక్షరాల్లో "అరకిలో". కాబట్టి "కిలో ఎంత?" అనే అడగండి. పళ్లు వేయకముందే కాటా సున్నా చూపిస్తోందో లేదో చూసుకోండి.

ఐదొందల నోటు ఇచ్చేటప్పుడు "ఇదిగో ఐదొందలు" అని పైకి అని ఇవ్వండి, చిల్లర అక్కడే లెక్కపెట్టుకోండి. ఫోన్‌తో కట్టేటప్పుడు స్క్రీన్ మీద వచ్చిన పేరు కొట్టువాళ్లకి చదివి వినిపించండి. ఇంకొకటి. "ఎక్కువ పడింది, వెనక్కి వేస్తా, ఇది స్కాన్ చేసి పిన్ కొట్టు" అని ఎవరన్నా అంటే ఫోన్ జేబులో పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. పొరపాటున పోతే టెన్షన్ పడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి. సరుకు, తూకం గొడవలకైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

పొద్దున్నే వెళ్తే బోణీ వేళ. కొనే ఉద్దేశం లేకుండా బేరమాడి వచ్చేస్తే వాళ్లకి ప్రాణం ఉసూరుమంటుంది, ఆ పని చేయకండి.

స్వాతీ, నాకో డజను ఎర్ర లక్క గాజులు తీసుకురా. సైజు రెండు ఆరు. రాళ్లు మరీ ఎక్కువ వద్దు.

మీ అమ్మమ్మ